త్రో-ఇన్ వేళ గీత దగ్గర జరిగేవాటిపై రిఫరీ నిర్ణయం ఎలా ఉండాలి?

ప్రశ్న అడిగినవారు: కోర్టుగీత

అందరికీ నమస్కారం. రాష్ట్ర స్థాయి రిఫరీ పరీక్ష ఉత్తీర్ణుడినైన తర్వాత ఇప్పుడిప్పుడే పాఠశాలల, కళాశాలల బాస్కెట్‌బాల్ పోటీలకు నన్ను పిలుస్తున్నారు. ఫౌళ్ల విషయంలో నాకు పెద్దగా తడబాటు లేదు. కానీ బంతి కోర్టు బయటికి పోయినప్పుడు, దాన్ని తిరిగి లోపలికి విసిరేటప్పుడు (త్రో-ఇన్) గీత దగ్గర జరిగే కొన్ని విషయాల్లో నాకూ తోటి రిఫరీకీ అభిప్రాయాలు కలవడం లేదు. ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) నియమావళిలో త్రో-ఇన్ గురించి చెప్పే 17వ నియమం, అవుట్ గురించి చెప్పే 23వ నియమం రెండూ చదివాను. చదివినంతసేపూ స్పష్టంగానే ఉంటుంది గానీ, కళ్లముందు జరిగినదాన్ని ఏ వాక్యం కిందికి తేవాలన్న దగ్గరే సందేహం వస్తోంది.

ఈమధ్య ఒక బాలికల మ్యాచ్‌లో సైడ్‌లైన్ దగ్గర త్రో-ఇన్ ఇచ్చాము. విసిరే అమ్మాయి గీత బయటే నిలబడి, ఎవరికి ఇవ్వాలా అని చూస్తూ బంతిని రెండు చేతులతో ముందుకు చాచింది. బంతి గీత దాటి కోర్టు పైకి వచ్చింది, కానీ ఇంకా ఆమె చేతుల్లోనే ఉంది. ఎదురుగా ఉన్న డిఫెండర్ గీత దాటకుండా, ఆమె చేతిని తాకకుండా, బంతిని మాత్రమే కొట్టి లాక్కుని వెళ్లి లే-అప్ (బుట్ట దగ్గరికి పరుగెత్తి వేసే షాట్) వేసింది. బంతి కోర్టు పైన ఉంది కాబట్టి అది సక్రమమేనని తోటి రిఫరీ అన్నారు. నాకు అలా అనిపించలేదు.

అదే మ్యాచ్‌లో త్రో-ఇన్ వేసిన బంతి ఎవరికీ తగలకుండా కోర్టు అంతా దాటి అవతలి సైడ్‌లైన్ బయట పడింది. ఎదురు జట్టుకు బంతి ఇవ్వాలన్నది ఇద్దరమూ ఒప్పుకున్నాము గానీ, ఎక్కడినుంచి ఇవ్వాలన్నది తేలలేదు. ఇంకోసారి విసిరే అమ్మాయి బూటు కొన గీత మీద ఉండగా బంతి వదిలింది. స్కోరర్, టైమర్ కూర్చునే టేబుల్ దగ్గరున్న వాళ్లు సైతం లైన్, లైన్ అని అరిచారు. చివరిగా, ఆ కోర్టుకు ఒకవైపు ప్రహరీ గోడ ఉంది. గీతకూ గోడకూ నడుమ మూడడుగుల జాగా కూడా ఉండదు. అక్కడ త్రో-ఇన్ వేసేవారి ముఖం మీదికి డిఫెండర్ వచ్చి నిలబడితే ఏం చేయాలి? అనుభవజ్ఞులు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.


జవాబు: పాతవిజిల్

కోర్టుగీత గారూ, మీరు అడిగినవన్నీ వేర్వేరు ప్రశ్నల్లా కనిపిస్తాయి గానీ, త్రో-ఇన్‌లోని మూడు క్షణాలను విడివిడిగా చూడగలిగితే అన్నిటికీ దారి దొరుకుతుంది. రిఫరీ బంతిని విసిరేవారి చేతికి అందించడం మొదటిది, బంతి వారి చేతిని విడవడం రెండోది, కోర్టులో ఉన్న ఆటగాడెవరికైనా అది తగలడం మూడోది. ఏ సంఘటన జరిగినా అది ఈ మూడింటిలో దేనికి ముందు, దేనికి తర్వాత జరిగిందో ముందు మనసులో తేల్చుకోవాలి. నిర్ణయం ఆ వెనుకే వస్తుంది.

మీ మొదటి సంఘటన రెండో క్షణానికి ముందు జరిగింది, అంటే బంతి ఇంకా చేయి విడవలేదు. విసిరేవారి చేతులు బంతితో సహా గీత పైనుంచి కోర్టు వైపు రావచ్చు, అందులో తప్పేమీ లేదు. అలా వచ్చినంత మాత్రాన బంతి ఆటలోకి వచ్చినట్టు కాదు. చేతిలో ఉన్నంతసేపు దాన్ని అడ్డుకోకుండా ఉండే బాధ్యత డిఫెండర్‌దే. అందుచేత ఆ అమ్మాయి గీత దాటకపోయినా, చేతిని తాకకపోయినా, ఆమె చేసింది త్రో-ఇన్‌కు అడ్డుపడి ఆటను ఆలస్యం చేయడమే అవుతుంది. వెంటనే విజిల్ వేసి వయొలేషన్ (ఫౌల్ కాని నియమభంగం) పిలవాలి, ఆ లే-అప్ చెల్లదు. డిఫెండర్‌కు మాటతో హెచ్చరిక ఇచ్చి, అదే హెచ్చరికను ఆమె జట్టు ప్రధాన కోచ్‌కు కూడా తెలియజేయాలి. చాలామంది మరిచిపోయే సంగతి ఏమిటంటే, ఆ హెచ్చరిక ఆ ఒక్క ఆటగత్తెకే కాదు, మిగిలిన మ్యాచ్ అంతా ఆ జట్టులోని వారందరికీ వర్తిస్తుంది. మళ్లీ వారిలో ఎవరు అదే పని చేసినా టెక్నికల్ ఫౌల్ (ఒంటి తాకిడికి కాక, ప్రవర్తనకు ఇచ్చే ఫౌల్) ఇవ్వవచ్చు. ఇక బంతిని కాకుండా విసిరేవారి చేతిని కొట్టినట్టయితే అది వయొలేషన్‌తో పోదు, ఫౌల్‌గానే చూడాలి.

గీత మీద బూటు సంగతి. ఫిబా కొలతల ప్రకారం కోర్టు 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు. ఈ కొలత గీతల లోపలి అంచు నుంచి తీసుకున్నది. 5 సెంటీమీటర్ల వెడల్పున్న ఆ గీత కోర్టులో భాగం కాదు. ఆట నడుస్తున్నప్పుడు బంతి పట్టుకున్నవారు గీతను తొక్కితే అవుట్ అవుతున్నది అందుకే. సరిగ్గా అదే కారణంతో త్రో-ఇన్ వేసేవారు గీతను తొక్కితే తప్పు కాదు. బంతి చేతిలో ఉండగా కోర్టులోకి అడుగు పెట్టకూడదన్నదే వారికున్న నిషేధం. గీత మీద ఉన్న పాదం ఇంకా బయటే ఉన్నట్టు లెక్క. బూటు కొన గీతను కూడా దాటి లోపలి నేలను తాకినప్పుడు మాత్రమే వయొలేషన్. టేబుల్ దగ్గర ఎంత అరిచినా మీరు చూడవలసింది గీత లోపలి అంచునే.

అది కనిపించాలంటే నిలబడే చోటు ముఖ్యం. విసిరేవారికి ఎదురుగా నిలబడితే బూటు, గీత, నేల అన్నీ ఒకదానిమీద ఒకటి పడి కనిపిస్తాయి. కొంచెం పక్కకు జరిగి గీత పొడుగునా చూపు సాగేలా నిలబడితే బూటుకూ లోపలి అంచుకూ నడుమ ఉన్న సందు, డిఫెండర్ చేతులు గీత మీదికి రావడం రెండూ ఒకే చూపులో తెలుస్తాయి. సైడ్‌లైన్ దగ్గర ఉన్నప్పుడు బంతిని నేలమీద ఒక బౌన్స్‌తో అందించవచ్చు గానీ, మీకూ విసిరేవారికీ మధ్య దూరం 4 మీటర్లు మించకూడదు, వారు మీరు చూపిన చోటే నిలబడి ఉండాలి.

గోడ విషయానికి నియమంలోనే జవాబుంది. గీతకూ బయటి అడ్డంకికీ మధ్య 2 మీటర్ల కన్నా తక్కువ ఖాళీ ఉంటే, ఇతర ఆటగాళ్లెవరూ విసిరేవారికి 1 మీటరు కన్నా దగ్గరగా రాకూడదు. మన పాఠశాలల కోర్టుల్లో గోడో, మెట్లో, నిలబడి చూసే జనమో గీతను ఆనుకుని ఉండటం మామూలే కనుక ఈ నియమం మనకు మిగతావారికన్నా ఎక్కువ పనికొస్తుంది. మ్యాచ్ మొదలయ్యే ముందు కోర్టు చుట్టూ నడిచి ఏ వైపు 2 మీటర్లు లేవో చూసుకుని, ఇద్దరు కెప్టెన్లకూ కోచ్‌లకూ ముందే చెప్పడం మంచిది. బంతి అందించే ముందు డిఫెండర్‌ను చేయి చూపి వెనక్కి జరిపి, ఆ తర్వాతే అందించండి. త్రో-ఇన్‌కు ఇచ్చే 5 సెకన్లు నడుస్తుండగా జరపబోతే విసిరేవారికి అన్యాయం జరుగుతుంది.


జవాబు: పీడీ మాస్టారు

పాతవిజిల్ గారు చెప్పినదానితో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. వారు వదిలిన రెండో సందర్భాన్ని నేను తీసుకుంటాను, ఎందుకంటే మా కళాశాల పోటీల్లో ఎక్కువ వాదన వచ్చేది దీని మీదే.

త్రో-ఇన్ వేసిన బంతి కోర్టులో ఎవరికీ తగలకుండా బయట పడితే, అది విసిరినవారు చేసిన త్రో-ఇన్ వయొలేషన్. త్రో-ఇన్ వయొలేషన్ ఏదైనా సరే, 5 సెకన్లు దాటినా, ఒకచోట నుంచి మరోచోటికి మొత్తం 1 మీటరు కన్నా ఎక్కువ పక్కకు జరిగినా, బంతిని నేరుగా బుట్టలో వేసినా, ఎదురు జట్టుకు బంతి ఇచ్చేది మొదటి త్రో-ఇన్ జరిగిన చోటినుంచే. అవతలి సైడ్‌లైన్ దగ్గర బంతి పడిందని అక్కడికి వెళ్లకూడదు. దీనికి ఆటలో చాలా విలువ ఉంది. తమ బుట్ట కిందనుంచి విసిరిన జట్టు అవతలి కొసకు బంతిని పారేసుకుంటే, ఎదురు జట్టుకు బంతి దొరికేది అవతలి కొసన కాదు, ఆ బుట్ట దగ్గరే.

అదే బంతి దారిలో ఎవరి వేలికైనా తగిలి బయటికి పోతే కథ మొత్తం మారుతుంది. అప్పుడు అది మామూలు అవుట్. చివరిగా తాకినవారి ఎదురు జట్టుకు, బంతి బయటికి పోయిన చోటికి దగ్గరలో త్రో-ఇన్. తన జట్టు సభ్యుడు వేసిన బంతిని ఒక ఆటగాడు ఒక పాదం గీత మీద ఉంచి అందుకున్నాడనుకోండి, అక్కడ బంతిని బయటికి పంపినవాడు అందుకున్నవాడే, విసిరినవాడు కాదు. కనుక త్రో-ఇన్ అతను నిలబడ్డ చోటినుంచి. తగిలిందా లేదా అన్న సందేహం వస్తే గడియారం కేసి చూడండి. బంతి కోర్టులోని ఆటగాడిని తాకినప్పుడే మీరు ఎత్తిన చేయి కిందికి దించుతారు, అప్పుడే టైమర్ గడియారం మొదలుపెడతాడు. మీరు చేయి దించారంటే తగిలిందని మీ కళ్లు అప్పటికే నిర్ణయించుకున్నాయన్నమాట. అందుకే త్రో-ఇన్ వేళ చేయి దించడాన్ని అలవాటుగా చేయకండి, తాకిడిని చూసి చేయండి.

బుట్ట పడిన తర్వాత వేసే త్రో-ఇన్‌కు ఈ ఒక్కచోటనే నిలబడాలన్న నిబంధన లేదని మీకు తెలిసే ఉంటుంది. ఎండ్‌లైన్ వెనకాల ఎక్కడికైనా నడవవచ్చు, తన జట్టులోని మరొకరికి గీత వెనకనే బంతి అందించవచ్చు. కానీ 5 సెకన్ల లెక్క మొదటి ఆటగాడి చేతికి బంతి అందినప్పటినుంచే సాగుతుంది, రెండోవాడి చేతికి వెళ్లగానే కొత్తగా మొదలవదు. లోపల ఉన్న తన జట్టువాడి చేతిలో బంతి పెట్టడం మాత్రం ఏ త్రో-ఇన్‌లోనూ చెల్లదు. బంతి విసిరేవారి చేతిని విడిచి వెళ్లాలి.

చివరి తాకిడి గురించి ఇంకొక్క మాట. బలంగా కొట్టినవాడే బంతిని బయటికి పంపినట్టు అనుకునే అలవాటు మన మైదానాల్లో చాలా పాతది. డ్రిబుల్ చేస్తున్నవాడి బంతిని డిఫెండర్ గట్టిగా చరిస్తాడు, బంతి డ్రిబుల్ చేసేవాడి మోకాలికి తగిలి బయటికి పోతుంది. చరిచింది డిఫెండరే అయినా చివరిగా తగిలింది రెండోవాడికి, కాబట్టి బంతి డిఫెండర్ జట్టుది. డిఫెండర్ ఒక పాదం గీత మీద పెట్టి నిలబడి ఉండగా డ్రిబుల్ చేసేవాడు అతని ఒంటికి బంతి తగిలిస్తే, అప్పుడు బయటికి పంపినవాడు ఆ డిఫెండరే, ఎందుకంటే బయట ఉన్న ఆటగాడికి బంతి తగిలింది. ఇక్కడ ఇంకో సూక్ష్మం ఉంది. బంతి పట్టుకున్నవాడి భుజం, గీత మీద పాదం పెట్టిన డిఫెండర్‌ను రాసుకుంటే మాత్రం అవుట్ కాదు. బయటి నేలనో వస్తువునో తాకితే అవుట్ అవుతారు గానీ, బయట ఉన్న ఆటగాడిని తాకినంత మాత్రాన అవరు. ఎదురు జట్టు బెంచీ మీద కూర్చున్న సబ్‌స్టిట్యూట్ కాలికి డ్రిబుల్ బంతి తగిలి తిరిగి లోపలికి వచ్చినా, అది అవుటే. బంతిని పోగొట్టుకునేది డ్రిబుల్ చేసినవాడి జట్టే.


జవాబు: గోదావరిగట్టు

నేను రిఫరీని కాను, పిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పుతాను, అప్పుడప్పుడు టేబుల్ దగ్గర స్కోరర్‌గా కూర్చుంటాను. పైన పెద్దలు చెప్పిన నిర్ణయాలన్నీ సరైనవే. అయితే త్రో-ఇన్ వేసేవారి చేతిలోని బంతిని ఎందుకు ముట్టుకోకూడదో పిల్లలకు నేను వేరేవిధంగా చెబుతాను.

1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ ఈ ఆటను తయారుచేశారు. మరుసటి ఏడాది జనవరిలో అచ్చయిన ఆయన 13 నియమాల్లో తొమ్మిదోది బంతి బయటికి పోవడం గురించే. ఆ రోజుల్లో బయటికి పోయిన బంతిని ఎవరు ముందు ముట్టుకుంటే వారిదే. ఆటగాళ్లు దానికోసం ఒకరిమీద ఒకరు పడేవారు. అయినా ఒకసారి ముట్టుకున్నవారికి 5 సెకన్లపాటు ఎవరి అడ్డూ లేకుండా బంతిని పట్టుకునే హక్కు ఉండేది. అంతకుమించి పట్టుకుంటే బంతి ఎదురు జట్టుకు పోయేది. వివాదం వస్తే అంపైరే బంతిని కోర్టులోకి విసిరేవారు. ఏ పక్షమైనా పదేపదే ఆలస్యం చేస్తే ఫౌల్ పిలవాలని కూడా అందులోనే ఉంది. ఎవరు ముందు పట్టుకుంటే వారిదన్న పద్ధతి పోయి చివరిగా తాకినవారి ఎదురు జట్టుకు ఇచ్చే పద్ధతి తర్వాత వచ్చింది గానీ, 5 సెకన్ల వ్యవధి, అడ్డులేని హక్కు, ఆలస్యానికి శిక్ష, మూడూ ఈనాటికీ మారలేదు. ఈ మూడూ ఒకదానికొకటి కట్టుబడి ఉన్నాయి. విసిరేవారికి 5 సెకన్లే ఇచ్చినప్పుడు ఆ 5 సెకన్లు వారివే కావాలి కదా. ఈ సంగతి చెప్పిన తర్వాత మా పిల్లలు గీత మీదికి చేతులు చాచడం బాగా తగ్గింది.

పాతవిజిల్ గారితో ఒక చిన్న భేదం ఉంది. మొదటిసారి హెచ్చరిక జట్టంతటికీ వర్తిస్తుందని రిఫరీలు కోచ్‌కు చెబుతారు గానీ, టేబుల్‌కు చెప్పరు. విరామం తర్వాత హెచ్చరిక ఇచ్చారా లేదా అన్న వాదన వచ్చినప్పుడు ఇద్దరు రిఫరీలకూ గుర్తుండదు. స్కోరు షీటులో దానికి గడి లేకపోయినా, మాకు ఒక మాట చెబితే ఏ క్వార్టర్‌లో, ఎన్ని నిమిషాలు మిగిలుండగా ఇచ్చారో విడిగా రాసి పెట్టుకుంటాము. పాఠశాలల పోటీల్లో ఇది రిఫరీకి ఎంతో అండగా ఉంటుంది.


ప్రశ్న అడిగినవారు: కోర్టుగీత

ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. టేబుల్‌కు చెప్పే సూచన చాలా బాగుంది, వచ్చే మ్యాచ్ నుంచే పాటిస్తాను. ఇంకో రెండు సందేహాలున్నాయి. నాలుగో క్వార్టర్ చివరి 2 నిమిషాల్లో కూడా ముందు హెచ్చరిక, తర్వాత టెక్నికల్ అన్న క్రమమేనా? అలాగే, చివరిగా ఎవరు తాకారో ఇద్దరు రిఫరీలమూ చూడలేకపోతే టేబుల్ మీది బాణం గుర్తు (తర్వాతి వంతు ఏ జట్టుదో చూపేది) ప్రకారం ఇస్తున్నాము. ఆ త్రో-ఇన్‌లో విసిరేవారు 5 సెకన్లు దాటిస్తే బాణం మారాలా, అలాగే ఉండాలా?


జవాబు: పాతవిజిల్

చివరి 2 నిమిషాల్లో ఆ క్రమం ఉండదు. నాలుగో క్వార్టర్‌లో గానీ ఓవర్‌టైమ్‌లో గానీ గడియారం 2:00 లేదా అంతకన్నా తక్కువ చూపిస్తున్నప్పుడు, ప్రతి త్రో-ఇన్‌కు ముందే రిఫరీ గీతకు సమాంతరంగా చేయి ఊపి డిఫెండర్‌కు హెచ్చరిక సంజ్ఞ చూపాలి. ఆ సంజ్ఞే హెచ్చరిక. దాని తర్వాత డిఫెండర్ అడ్డుపడటానికి గీత దాటించి చేయి పెట్టినా, ఇరుకైన చోట 1 మీటరు లోపలికి వచ్చినా నేరుగా టెక్నికల్ ఫౌల్. ఒక ఫ్రీత్రో, ఆ తర్వాత బంతి మళ్లీ అదే జట్టుకు. సంజ్ఞ చూపడం మరిచి టెక్నికల్ ఇస్తే ఏ కోచ్ కూడా ఒప్పుకోడు, ఒప్పుకోకపోవడం న్యాయమే. కాబట్టి చివరి 2 నిమిషాల్లో బంతి అందించే ముందు చేయి ఊపడం మీకు అలవాటైపోవాలి.

అదే సమయంలో ఇంకొకటి కూడా చూసుకోండి. 2022 నియమావళిలో త్రో-ఇన్ ఫౌల్ అనేది చేరింది. చివరి 2 నిమిషాల్లో బంతి ఇంకా రిఫరీ చేతిలోనో విసిరేవారి చేతిలోనో ఉండగా, కోర్టు లోపల డిఫెండర్ ఎదురు ఆటగాడిని ఫౌల్ చేస్తే, ఒక ఫ్రీత్రోతో పాటు బంతి కూడా ఫౌల్‌కు గురైన జట్టుకే పోతుంది. బంతి చేయి విడిచిన తర్వాత జరిగిన ఫౌల్‌కు ఇది వర్తించదు. నేను మొదట చెప్పిన రెండో క్షణం ఇక్కడ ఎంత అవసరమో చూడండి. మీ తోటి రిఫరీ లోపలి ఆటగాళ్లను చూస్తూ విజిల్ వేస్తారు, బంతి చేయి విడిచిందో లేదో చెప్పగలిగింది మీరొక్కరే. విజిల్ పడగానే వారి దగ్గరికి వెళ్లి ఆ సంగతి చెప్పకపోతే నిర్ణయం సగం సమాచారంతో వెలువడుతుంది.

ఇక బాణం గురించి. చివరి తాకిడి ఎవరిదో ఇద్దరికీ సందేహం ఉన్నా, ఇద్దరి నిర్ణయాలు ఒకదానికొకటి విరుద్ధంగా ఉన్నా, అది జంప్‌బాల్ సందర్భమే, అంటే బంతి ఎవరిదో తేలని సందర్భమే. టీవీలో ఎన్‌బీఏ చూసేవారు ఇద్దరు ఆటగాళ్లను నిలబెట్టి బంతి ఎగరేయాలనుకుంటారు గానీ, ఫిబా ఆటలో మొదటి జంప్‌బాల్ తర్వాత అంతా బాణమే. ఇద్దరూ బంతిని గట్టిగా పట్టుకుని పెనుగులాడుతూ గీత బయటికి పోయినా అవుట్ ఇవ్వకుండా బాణం వైపే చూడాలి. అయితే బాణాన్ని ఆశ్రయించే ముందు తోటి రిఫరీ కళ్లలోకి ఒకసారి చూడండి. దూరంగా ఉన్నా ఆటగాళ్ల మధ్య సందు వారికి కనిపించి ఉండవచ్చు.

బాణం ప్రకారం ఇచ్చిన త్రో-ఇన్‌లో బంతి కోర్టులోని ఆటగాడిని తాకగానే ఆ అవకాశం ముగిసినట్టు, బాణం తిప్పాలి. విసిరే జట్టు వయొలేషన్ చేసినా, మీరన్నట్టు 5 సెకన్లు దాటినా, ఆ అవకాశం పోయినట్టే. బాణం వెంటనే తిరుగుతుంది, బంతి కూడా అదే చోటినుంచి ఎదురు జట్టుకు పోతుంది. అంటే ఎదురు జట్టుకు ఇప్పటి త్రో-ఇన్‌తో పాటు తర్వాతి జంప్‌బాల్ సందర్భం కూడా దక్కుతుంది. ఇది రెండుసార్లు శిక్షించినట్టుందని కొత్త కోచ్‌లు అడుగుతారు. వయొలేషన్‌తో ఆ జట్టు తనకు వచ్చిన వంతును వాడుకున్నట్టే లెక్క అని చెప్పండి. ఫౌల్ విషయం మాత్రం అలా కాదు. బంతి ఎవరికీ తగలకముందే ఏ జట్టు ఫౌల్ చేసినా బాణం హక్కు పోదు, బాణం ఉన్నచోటే ఉంటుంది. ఇలాంటి సందర్భం వచ్చినప్పుడు ఆట మళ్లీ మొదలుపెట్టే ముందు టేబుల్ దగ్గరికి వెళ్లి బాణం ఎటు ఉందో మీ కళ్లతో చూసి వెళ్లండి. ఫౌల్ సంజ్ఞల హడావుడిలో స్కోరర్లు అలవాటుగా దాన్ని తిప్పేయడం చాలాసార్లు జరుగుతుంది.